విచారణ పాస్టరల్ ప్రణాళిక

కతోలిక శ్రీసభలో ఒక విచారణ (పారిష్) పరిధిలోని ఆరాధన, సత్యోపదేశం, పేదల సేవ, కుటుంబ, యువజన పరిచర్యలు ఏ వరుసలో, ఎవరి చేతుల మీదుగా, ఏ వనరులతో సాగాలో ముందుగా ఆలోచించి నిర్ణయించుకునే విధానాన్ని విచారణ పాస్టరల్ ప్రణాళిక అంటారు. విచారణ గురువు, పాస్టరల్ కౌన్సిల్, మఠకన్యలు, గృహస్థ క్రైస్తవులు కలిసి దీన్ని రూపొందిస్తారు. ప్రణాళికలో విశ్వాసుల పాత్ర క్రమంగా పెరిగినా, తుది నిర్ణయం గురువు చేతిలోనే ఉండటం దీని చరిత్ర అంతటా కనిపిస్తుంది.

పూర్వరంగం

ట్రెంట్ మహాసభ (1545–1563) ప్రతి విచారణకూ స్పష్టమైన ఎల్లలు, సొంత గురువు ఉండాలని కోరింది. గురువులు తమ విచారణలోనే నివసించాలని, జ్ఞానస్నానాలు, వివాహాలు పుస్తకాల్లో నమోదు చేయాలని ఆదేశించింది. 1614 నాటి రోమను పూజావిధి గ్రంథం కుటుంబాల వారీగా విశ్వాసుల వివరాలు రాసే రిజిస్టరును కూడా చేర్చింది. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు సంస్కారాలకు దూరమయ్యారు అన్న సమాచారం అలా గురువు చేతికి వచ్చింది. ఆ సమాచారంతో ఏం చేయాలన్న ఆలోచనలో మాత్రం విశ్వాసులకు చోటు లేదు. 1917 నాటి శ్రీసభ చట్టసంహిత గృహస్థులకు ఇచ్చిన చోటు కూడా ప్రధానంగా గుడి ఆస్తుల నిర్వహణలోనే.

సర్వేల నుంచి ప్రణాళికకు

20వ శతాబ్దంలో ఫ్రాన్సులో గుడికి వచ్చేవారు తగ్గడంతో, ఆ తగ్గుదల ఎక్కడ, ఎంత అన్న ప్రశ్న వచ్చింది. చరిత్రకారుడు గాబ్రియేల్ లె బ్రా 1931లో మతాచరణను లెక్కలతో పరిశీలించాలని పిలుపునిచ్చాడు. ఫెర్నాఁ బూలార్ అనే గురువు 1947లో గ్రామీణ ఫ్రాన్సులోని మతాచరణను పటంగా గీశాడు. ఒకే ప్రాంతంలో పక్కపక్క విచారణల పరిస్థితి ఒకేలా ఉందని తేలాక, ఎవరికి వారు కాకుండా ప్రాంతమంతా ఒకే పథకంతో పనిచేయాలన్న వాదం బలపడింది.

బ్రెజిల్ ఈ ఆలోచనను జాతీయ స్థాయికి తీసుకెళ్లింది. అక్కడి పీఠాధిపతుల సమాఖ్య 1962లో అత్యవసర ప్రణాళికను, తర్వాత 1966–1970 కాలానికి ఉమ్మడి పాస్టరల్ ప్రణాళికను చేపట్టింది. గురువులు చాలని చోట గృహస్థులు నడిపే చిన్న సమాజాలు దాని వెన్నెముక అయ్యాయి.

రెండవ వాటికన్ మహాసభ తర్వాత

మహాసభ 1965లో రెండు పత్రాల ద్వారా దీనికి పునాది వేసింది. పీఠాధిపతుల పరిచర్యపై వచ్చిన పత్రం ప్రతి మేత్రాసనంలో (డయోసిస్) పాస్టరల్ కౌన్సిల్ ఉండటం ఎంతో అభిలషణీయమని చెప్పింది. గృహస్థుల ప్రేషిత సేవపై వచ్చిన పత్రం, వీలైతే విచారణ స్థాయిలోనూ అలాంటి సభలు ఉండాలని సూచించింది. 1983 చట్టసంహితలోని 536వ నిబంధన ప్రకారం, పీఠాధిపతి తగునని భావిస్తే విచారణల్లో పాస్టరల్ కౌన్సిల్ ఏర్పడాలి. గురువే దానికి అధ్యక్షుడు. సభ్యులది సలహా మాత్రమే. దాని పక్కనే ఉన్న 537వ నిబంధన ఆర్థిక మండలిని ప్రతి విచారణకూ తప్పనిసరి చేసింది. డబ్బు లెక్కకు సభ తప్పనిసరి కాగా, పరిచర్యను ఆలోచించే సభ పీఠాధిపతి అభీష్టానికి మిగిలింది.

2001లో రెండవ జాన్ పాల్ పోపు ప్రతి స్థానిక శ్రీసభా తన పరిస్థితికి తగ్గ ప్రణాళిక వేసుకోవాలని కోరారు. ‘ఎప్పుడూ ఇలాగే చేశాం’ అన్న ధోరణిని పాస్టరల్ పనిలో వదులుకోవాలని ఫ్రాన్సిస్ పోపు 2013లో పిలుపునిచ్చారు.

పద్ధతి

చాలా విచారణలు ‘చూడు, వివేచించు, ఆచరించు’ అన్న మూడు మెట్ల పద్ధతిని అనుసరిస్తాయి. బెల్జియం కార్డినల్ జోసెఫ్ కార్డైన్ స్థాపించిన కార్మిక యువజన ఉద్యమంలో పుట్టిన ఈ పద్ధతిని 23వ జాన్ పోపు 1961లో తన విశ్వలేఖలో మెచ్చుకున్నారు. ముందు ఇంటింటి సర్వే, వాడవాడ సమావేశాలు జరుగుతాయి. తెలిసిన విషయాలను వాక్యం వెలుగులో పరిశీలించి, రెండు మూడు ప్రాధాన్యాలు ఎంచుకుంటారు. ఒక్కో పనికి బాధ్యులను, గడువును, ఖర్చును నిర్ణయించి, ఏటా సమీక్షిస్తారు.

భారతదేశంలో

1967లో బెంగళూరులో డి.ఎస్. అమలోర్‌పవదాస్ సారథ్యంలో జాతీయ బైబిలు, సత్యోపదేశ, ఆరాధనా కేంద్రం మొదలైంది. 1969లో బెంగళూరులోనే జరిగిన అఖిల భారత సదస్సు మహాసభ బోధనలను దేశ పరిస్థితులకు అన్వయించింది. తెలుగు మేత్రాసనాల్లో ఒక్కో విచారణ కింద అనేక గ్రామాలు ఉండటం మామూలు. గురువు రాని రోజుల్లో ఉపదేశులు ప్రార్థన నడిపించే ఈ గ్రామాలకు, ప్రణాళిక అంటే ముందుగా పూజల వంతులు, ఉపదేశుల శిక్షణ, పెద్దల సమావేశాలు.

విలీనాల వివాదం

గురువుల కొరత వల్ల పాశ్చాత్య దేశాల్లో ప్రణాళిక తరచుగా విచారణల విలీనంగా మారింది. జర్మనీలోని ట్రియర్ మేత్రాసనం 887 విచారణలను 35కు తగ్గించాలనుకోగా, 2019లో వాటికన్ దాన్ని నిలిపివేసింది. గురువుల కొరత, మేత్రాసన ఆర్థిక ఇబ్బంది అన్న సాధారణ కారణాలు విలీనానికి చాలవని 2020 జులైలో వాటికన్‌లోని గురువుల విభాగం స్పష్టం చేసింది.

ఇక కౌన్సిళ్ల విషయానికి వస్తే, 2021–2024 పీఠాధిపతుల సినడు తుది పత్రం పాస్టరల్ కౌన్సిళ్లను తప్పనిసరి చేయాలని కోరింది. 2024 అక్టోబరులో ఫ్రాన్సిస్ పోపు ఆ పత్రాన్ని ఆమోదించి ప్రచురణకు అనుమతించారు. అయితే పత్రం తనంతట 536వ నిబంధన పాఠాన్ని మార్చదు.