ఎడిన్‌బరో ఫిడేలు మేస్త్రి

ఇక్కడ ఎడిన్‌బరోలో వేలానికి ముందు పాత ఫిడేళ్లన్నీ బల్లల మీద పరుస్తారు. ఎవరైనా వెళ్లి చేతిలోకి తీసుకోవచ్చు, వాయించి చూడొచ్చు. కానీ వచ్చినవాళ్లు ముందుగా వాయించరు. చిన్న టార్చి తీసి, పొట్ట మీది కంతలోంచి లోపలికి తొంగిచూస్తారు. లోపల అంటించిన కాగితం మీద ఎవరి పేరుందో, ఆ పేరుకు చెక్కపని సాక్ష్యం చెబుతోందో లేదో తేల్చుకున్నాకే కమాను అందుకుంటారు.

ఆ కాగితాల వల్లే నాకు మాథ్యూ హార్డీ అనే పాతకాలపు ఫిడేలు మేస్త్రి పరిచయమయ్యాడు. ఇక్కడివాళ్లు ఆయన్ని స్కాట్లండ్ స్ట్రాడివారి అంటారు.

1707లో స్కాట్లండ్ ఇంగ్లండుతో కలిసిపోయి పార్లమెంటు లండన్‌కి తరలిపోయినా ఎడిన్‌బరోలో సంగీతం తగ్గలేదు. 1763లో ఊరి సంగీత సభవాళ్లు కచేరీల కోసమే సెయింట్ సిసీలియా హాలు కట్టించుకున్నారు. అది నేటికీ ఉంది, ఇప్పుడు అందులో వాద్యాల మ్యూజియం నడుస్తోంది. అటు పల్లెల్లోనూ, ప్రభువుల భవనాల్లోనూ రీల్, స్ట్రాత్‌స్పే నృత్యాలు. ఫిడేలు లేనిదే ఆ నృత్యం లేదు. అథోల్ డ్యూకు ఆదరించిన నీల్ గౌ అనే ఫిడేలు విద్వాంసుణ్ని రేబర్న్ అంతటి చిత్రకారుడు కూర్చోబెట్టి బొమ్మ గీశాడు.

వాయించేవారికి ఆ గౌరవం దక్కింది. చేసినవాడికి దక్కలేదు. హార్డీ ఇటలీ మేస్త్రులు అమాతీ, స్ట్రాడివారిల నమూనాలు పట్టుకుని ఫిడేళ్లూ చెల్లోలూ చేశాడు, కొడుకు థామస్‌కూ, మరికొందరికీ పని నేర్పాడు. ఆయన మంచి పనిలో నునుపూ పొంకమూ చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. కొన్ని మాత్రం హడావుడిగా ముగించినట్టుంటాయి. అవి పూట గడవడం కోసం చేసినవని నా నమ్మకం. 1826లో ఆయన సెయింట్ కత్‌బర్ట్ పారిష్ పేదల ఆశ్రమంలో, దిక్కులేనివాళ్ల మధ్య కన్నుమూశాడు.

ఇప్పుడు ఆయన ఫిడేలు వేలంలో వేల పౌండ్లు పలుకుతుంది. 1721 నాటి స్ట్రాడివారి ఫిడేలు ‘లేడీ బ్లంట్’ 2011లో సుమారు 98 లక్షల పౌండ్లు పలికింది. ఈ తేడా అంతా నాదంలోది కాదు. నాదానికి వేలంలో విడిగా వెల కట్టరు. పేరుకూ, ఆ పేరుకు నిపుణుడిచ్చే ధ్రువపత్రానికీ, ఫిడేలు అసలు తల మారలేదన్న భరోసాకీ వెల కడతారు. లోపల పొట్టకూ వీపుకూ మధ్య నిలబెట్టే చిన్న కర్ర దగ్గర వీపు పగిలి ఉంటే ధర దారుణంగా పడిపోతుంది. కాగితాన్ని మాత్రం ఎవరూ గుడ్డిగా నమ్మరు. స్ట్రాడివారి పేరు అంటించిన జర్మనీ, బొహీమియా కార్ఖానా ఫిడేళ్లు లోకమంతా ఉన్నాయి. పొట్ట చెక్కలో చెట్టు వలయాలను కొలిచి కూడా కాలం తేలుస్తారు. చివరి వలయం 1826 తర్వాతిదైతే అది హార్డీ చేసినది కానే కాదు.

ఇదంతా చూస్తుంటే నాకు మన బొబ్బిలి వీణ గుర్తొస్తుంది. వైణికులెవరంటే ఈమని, చిట్టిబాబు అని తడుముకోకుండా చెబుతాం. మా విజయనగరంలో ‘ఫిడేలు నాయుడు’ అంటే ద్వారం వారేనని చిన్నపిల్లలకూ తెలుసు. కానీ బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి ఏకాండి వీణ చేసే సర్వసిద్ధి వారిలో ఒక్కరి పేరు చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలరు? పనస చెక్క ఆరాలి, దాన్ని తొలవాలి, మైనం మీద మెట్లు నిలపాలి, ఒక్కో మెట్టుకూ శ్రుతి సరిచూడాలి. అందులో సగం చెవి పని. శ్రుతిజ్ఞానం లేనివాడు చేయలేడు. ఆ పసుప్పచ్చని పనస పొట్టు వాసన ఈ చలిదేశంలో దొరకదు, ఇక్కడి మేస్త్రీల దుకాణాల్లోనూ దొరకదు.

హార్డీ పేదరికంలో పోయినా పేరు మిగిలింది. దానికి ఆ కాగితం ముక్క కూడా కారణం. మీరు వీణ చేయించుకుంటే, అడిగిన వెల ఇవ్వండి. మేస్త్రి చేతనే పేరు, ఊరు, సంవత్సరం లోపల రాయించండి.