పటం నుంచి పాఠ్యానికి: మాటల ఆటల చరిత్ర – భద్రాచలం అటవీ సరిహద్దు కథనసంప్రదాయం

కీలకపదాలు: పాఠ్యప్రధాన ఆట, పటం, పడిగె, డోలీ కోయలు, విభక్తి, భద్రాచలం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘పటం’ అన్న మాటకు వస్త్రం, చిత్రం, దేశపటం అనే మూడర్థాలూ ఉన్నాయి. చిత్రించిన గుడ్డను విప్పి, అందులోని దారివెంట శ్రోతను నడిపించే పటం కథలు తెలంగాణకు సుపరిచితం. బొమ్మలు లేకుండా కేవలం వాక్యాలతో ఆటగాణ్ణి అడవుల్లో, గుహల్లో తిప్పే కంప్యూటర్ ఆట కూడా ఒక పటం మీదనే పుట్టింది. ఆ ఆరంభచరిత్రను పరిశీలించి, ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యంగా తెలుగులో ఇటువంటి ఆటను ఒంటరిగా, అభిరుచికొద్దీ రూపొందించేవారి ముందున్న భాషాపరమైన, నైతికమైన సమస్యలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గుహాపటం ఆటగా మారిన తీరు

విల్ క్రౌథర్ అమెరికాలోని బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ సంస్థలో ఆర్పానెట్ నిర్మాణానికి పనిచేసిన ప్రోగ్రామర్; గుహాన్వేషకుడు కూడా. కెంటకీ రాష్ట్రంలోని ఫ్లింట్ రిడ్జ్, మామత్ గుహల కలయికను 1972లో కనుగొన్న బృందంలో అతని భార్య పెట్రీషియా ఉన్నారు. ఆ దంపతులు గుహల కొలతలను కంప్యూటర్‌కు ఎక్కించి పటాలు గీయించేవారు. విడాకుల తరువాత, 1975–76 ప్రాంతంలో, క్రౌథర్ తన కుమార్తెల కోసం ఫోర్ట్రాన్ భాషలో ‘అడ్వెంచర్’ రాశాడు. 1974లో వెలువడిన ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాత్రధారణ క్రీడ అతనికి అప్పటికే పరిచితం. మరుగుజ్జులు, మాయమాట ఆ ఆటలో ఉన్నా, గుహ మాత్రం అతను నడిచిన గుహే. డెనిస్ జెర్జ్ 2005లో మూలప్రతిని చేతపట్టుకొని ఆ గుహలోకి వెళ్ళి, రెండింటినీ పోల్చి 2007లో ఆ పరిశోధనను ప్రకటించాడు.

ఇక్కడ గమనించవలసినవి రెండు. మొదటిది, స్థలవర్ణనలు, దారుల పట్టిక, పదజాలం ప్రోగ్రామ్‌కు వెలుపల వేరే దత్తాంశంగా ఉన్నాయి. ఒక్క మనిషి ఒక లోకాన్ని కట్టగలగడానికి ఈ విభజన ఎంతో తోడ్పడింది. రెండవది, ఈ ఆటను 1977లో విస్తరించిన స్టాన్‌ఫర్డ్ విద్యార్థి డాన్ వుడ్స్ మూలకర్త చిరునామా తెలియక, ఆర్పానెట్‌లోని ప్రతి కంప్యూటర్‌కూ క్రౌథర్ పేర సందేశం పంపాడు. అనుమతి దొరికాకే నిధులను, మాయలను పెంచాడు.

3. రెండు మాటల ఆజ్ఞ – తెలుగు వాక్యం

‘అడ్వెంచర్’ ఒకటి లేదా రెండు పదాల ఆజ్ఞలను మాత్రమే గ్రహిస్తుంది. ప్రతి పదంలోనూ మొదటి ఐదు అక్షరాలనే చూస్తుంది. పీడీపీ–10 యంత్రంలో ఒక స్మృతిఖండం 36 బిట్లు కావడంతో ఏడేసి బిట్ల అక్షరాలు ఐదే ఇముడుతాయి. పదం మొదట్లోనే అర్థం నిలిచే ఇంగ్లీషుకు ఇది సరిపోయింది. తెలుగులో దిశను తెలిపేది పదాంతంలోని విభక్తి. ‘గుహలోకి’, ‘గుహలోంచి’ అన్న రూపాలను యూనికోడ్‌లో ఐదు సంకేతాల వద్ద తెంచితే రెండూ ‘గుహలో’గానే మిగులుతాయి, లోపలికి పోయేవాడికీ వెలుపలికి వచ్చేవాడికీ భేదం ఉండదు. ఇంగ్లీషు ఆజ్ఞలో క్రియ ముందుంటే ‘దీపం తీసుకో’ అన్నప్పుడు అది చివర వస్తుంది. ఆటగాణ్ణి ‘నీవు’ అనాలా, ‘మీరు’ అనాలా అన్నది కూడా మొదటి వాక్యంలోనే తేల్చుకోవలసి ఉంటుంది. అందువల్ల తెలుగు ఆటకు పదజాలాన్ని అనువదిస్తే చాలదు. పదాన్ని చివరి నుంచి విడదీసే వ్యాకరణం కావాలి.

4. పడిగె – కథపై హక్కు

భద్రాచలం, మణుగూరు ప్రాంతాల కోయల్లో వంశచరిత్రలను గానం చేసేవారు డోలీలు. పూర్వీకుల, వేల్పుల బొమ్మలున్న త్రికోణాకార వస్త్రం పడిగె. డోలీ దాని ఆధారంగా ఆయా గట్టుల పుట్టుపూర్వోత్తరాలను వినిపిస్తాడు. ఈ మౌఖిక సంపదకు ప్రతినిధిగా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు.

కాల్పనిక ఆటకు కావలసిన వీరులు, వేల్పులు, ప్రయాణాలు ఈ కథల్లో సమృద్ధిగా ఉన్నాయి. ఆకర్షణతోపాటు చిక్కు కూడా ఇక్కడే ఉంది. పడిగెలోని కథ ఒక గట్టుకు వంశావళి, ఆరాధన. దాన్ని గెలుపోటముల లెక్కలోకి దించితే ఒకరి పూర్వీకుడు మరొకరి చేతిలో పావు అవుతాడు. ఒక గుహాపటానికే వుడ్స్ అనుమతి కోరినప్పుడు, సజీవమైన కొలుపు విషయంలో ఆ బాధ్యత మరింత పెద్దది.

5. మారే సరిహద్దులు

భద్రాచలం ప్రాంతం 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి గోదావరి జిల్లాకు, 1959లో ఖమ్మం జిల్లాకు మారింది. పోలవరం ముంపు కారణంగా 2014లో ఏడు మండలాల పరిధిలోని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరగా, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా భాగమైంది. పాలనాపటం ఇన్నిసార్లు మారిన చోట, ఊరి నుంచి వాగుకు, వాగు నుంచి గుట్టకు పోయే కాలిబాట జ్ఞానం ప్రజల మాటల్లోనే భద్రంగా ఉంది. ముంపు గ్రామాల విషయంలో ఆ మాటే చివరి ఆధారం కావచ్చు. దారుల పట్టికే ప్రాణంగా గల పాఠ్యప్రధాన ఆట ఈ జ్ఞానాన్ని నిలుపుకోగల అరుదైన రూపం.

6. ముగింపు

ఈ ప్రక్రియకు ఆరంభంలో బలమిచ్చింది రచయితకు స్థలంతో ఉన్న పరిచయం. కల్పన దానిపై చేరిన పొర. ఈ సరిహద్దులో ఆట కట్టదలచినవారికి దీని నుంచి ఒక క్రమం లభిస్తుంది: ముందు దారులను నడిచి పట్టిక రాసుకోవడం, తరువాత తెలుగు విభక్తులకు తగిన వ్యాకరణం సమకూర్చుకోవడం, ఆపైన మాయలను సొంతంగా కల్పించుకోవడం. గట్టుల కథలు కావాలనుకుంటే ఆ గట్టుల పెద్దలను, డోలీలను అడగాలి. వారు వద్దన్న కథ లేకపోయినా ఆటకు లోటు రాదు. వారి అనుమతి లేని కథతో మాత్రం ఆ ఆట ఈ నేలకు పరాయిదవుతుంది.