నడిచే చుక్కకు దారి గీసినవాళ్లు

2022 ఏప్రిల్ 2, ఉగాది. అమావాస్య ముందురోజే వెళ్లడంతో ఆకాశం నల్లగా ఉంది. రాత్రి ఎనిమిది కావస్తుండగా మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల మీదుగా నిప్పుకణికల గుంపొకటి బారుగా సాగిపోయింది. కాసేపటికి చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలోని లాడ్‌బోరి ఊళ్లో సుమారు మూడు మీటర్ల లోహపు రింగు వచ్చి పడింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. మన బస్తర్‌కు చంద్రపూర్ ఏమంత దూరం కాదు. మధ్యలో ఉన్నది గడ్చిరోలి అడవులే.

అదేమిటో వెంటనే చెప్పినవారిలో జొనాథన్ మెక్‌డొవెల్ ఒకరు. అప్పట్లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న ఖగోళ శాస్త్రవేత్త. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన చాంగ్ జెంగ్-3బి రాకెట్ మూడో దశ తిరిగి భూమి మీదికి దిగుతోందని ఆయన అంచనా. ఆయన దాన్ని కంటితో చూడలేదు. భూమి చుట్టూ తిరిగే పెద్ద వస్తువులన్నిటి దారులూ లెక్కగట్టి రాసిపెట్టి ఉంటాయి. ఏ ఊరి మీదికి ఏ నిమిషంలో ఏది వస్తుందో ఆ లెక్కే చెబుతుంది. ఆ లెక్క మొదలైన చోట్లలో ఆ కేంబ్రిడ్జి కూడా ఒకటి. మొదలైంది మామూలు జనం కళ్లతో.

1956లో అంతరిక్షంలో ఉపగ్రహమన్నదే లేదు. అప్పుడే అక్కడి స్మిత్‌సోనియన్ ఆస్ట్రోఫిజికల్ అబ్జర్వేటరీ డైరెక్టర్ ఫ్రెడ్ విపుల్‌కు ఒక బెంగ పట్టుకుంది. రేపు ఎవరైనా ఉపగ్రహాన్ని ఎగరేస్తే దాన్ని వెతికి పట్టుకునేదెట్లా? రేడియో మూగబోవచ్చు. పెద్ద కెమెరాకు ఆకాశంలో ఎటు తిప్పాలో ముందే తెలియాలి. అందుకని ఆయన బడిపంతుళ్లనీ, విద్యార్థులనీ, గృహిణులనీ, సరదాగా చుక్కలు చూసేవాళ్లనీ పోగుచేశాడు. ఆ పథకం పేరు మూన్‌వాచ్. వృత్తి శాస్త్రవేత్తల్లో కొందరికి ఇది నచ్చలేదు. నాకు మాత్రం ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

పని తీరు చాలా సాదా. ఒక మైదానంలో చూసేవాళ్లంతా వరసగా కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందు ఒక చిన్న దుర్భిణి. ఒకరు చూసే ఆకాశపు ముక్క పక్కవాళ్ల ముక్కను కాస్త కప్పేలా అమర్చుతారు. అంటే ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఆకాశానికి అడ్డంగా చూపులతో కంచె వేసినట్టే. మధ్యలో పొడవాటి స్తంభం, దాని మీద అడ్డకర్ర. చుక్క ఆ గీత దాటిన క్షణాన చూసినవాళ్లు కేక వేస్తారు. పక్కనే టేపు రికార్డరు తిరుగుతూ ఉంటుంది. అందులో రేడియో కాలసంకేతాల టిక్కుటిక్కు, దాని మీద ఈ కేక. ఏ చుక్కల మధ్య నుంచి, ఏ సెకనులో. కావలసింది ఆ రెండే.

1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేసింది. 58 సెంటీమీటర్ల గోళం, 83.6 కిలోల బరువు, 96 నిమిషాలకు ఒక చుట్టు. లోకమంతా మేడలెక్కి చూసింది. కానీ చాలామంది చూసింది స్పుత్నిక్‌ను కాదు. దాన్ని మోసుకెళ్లి, అదే దారిలో తానూ తిరుగుతున్న రాకెట్ భాగాన్ని. పాతిక మీటర్లు మించిన ఆ గొట్టం మంచి నక్షత్రమంత వెలిగింది. గోళం మామూలు కంటికి ఆనీ ఆననంత మసక.

వెలిగింది అంటున్నాం కానీ దానికి దీపమేదీ లేదు. బైలాడీలా కొండ కింద చీకటి పడ్డాక కూడా శిఖరం మీద ఎండ కాసేపు నిలుస్తుంది కదా, ఇదీ అంతే. కింద మనకు రాత్రి, పైన దానికి ఇంకా పగలు. మనకు కనబడేది దాని మీద పడి తిరిగొచ్చిన ఎండ. అందుకే ఉపగ్రహాలు పొద్దుగూకాక కాసేపు, తెల్లవారుజామున కాసేపు బాగా కనిపిస్తాయి. బస్తర్ ఉన్నది 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. ఇక్కడ సూర్యుడు బారుగా వాలడు, దాదాపు నిటారుగా దిగిపోతాడు. 400 కిలోమీటర్ల ఎత్తున మన నడినెత్తిన ఉన్న వస్తువుకు ఎండ తగలాలంటే సూర్యుడు దిగంతానికి 20 డిగ్రీల కన్నా కిందికి పోకూడదు. జగదల్‌పూర్‌లో పొద్దుగూకిన గంటన్నరకల్లా ఆ హద్దు దాటేస్తాడు. మొదటి అరగంటో ముప్పావుగంటో సంజవెలుగులోనే పోతుంది. మిగిలేది గంటకు లోపే. లండన్‌లో అయితే జూన్ నెల అర్ధరాత్రి కూడా సూర్యుడు 17 డిగ్రీలు మించి దిగడు, కాబట్టి అక్కడ రాత్రంతా ఇవి కనబడవచ్చు. మనకు ఆ వీలు ఏ నెలలోనూ లేదు. ఉన్న ఆ కాస్త సేపట్లో మాత్రం ఊరి దీపాలు లేని బస్తర్ ఆకాశానికి సాటి రావడం కష్టం.

కార్తీకంలో భోపాల్‌పట్నం దగ్గర ఇంద్రావతి ఒడ్డున నిలబడి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని చూస్తే ఈ లెక్కంతా కళ్లకు కడుతుంది. నైరుతిలో చెట్ల పైన మసకచుక్కగా మొదలవుతుంది. విమానంలా ఎర్రదీపం, పచ్చదీపం ఉండవు, చప్పుడు ఉండదు, మిణుకూ ఉండదు. నెత్తి మీదికి వచ్చేసరికి శుక్రుడితో పోటీపడే వెలుగు. అక్కడి నుంచి ఈశాన్యం వైపు వాలుతుంది. దిగంతం ఇంకా దూరంగా ఉండగానే రంగు తిరిగి ఎర్రబడి, ఎనిమిది పది సెకన్లలో ఆరిపోతుంది. ఏ మబ్బూ అడ్డు రాలేదు. అది భూమి నీడలోకి వెళ్లింది, అంతే. ఆ ఎరుపు అక్కడి సూర్యాస్తమయపు ఎరుపు, మన గాలిపొరను రాసుకుంటూ వెళ్లిన ఎండది. తెల్లవారుజామున ఇదే తిరగబడుతుంది. ఏమీ లేని చోట, నడి ఆకాశంలో, హఠాత్తుగా చుక్క పుడుతుంది.

మూన్‌వాచ్ వాళ్ల వల్ల దారి తెలిశాక కెమెరాల వంతు. జేమ్స్ బేకర్ కటకాలు, జోసెఫ్ నన్ యంత్రభాగం రూపొందించిన బేకర్-నన్ కెమెరాలను ప్రపంచంలో 12 చోట్ల పెట్టారు. వాటిలో ఒకటి మన నైనిటాల్‌కు వచ్చింది, 1958లో. అప్పుడు అక్కడి అబ్జర్వేటరీని నడిపిస్తున్నది వేణు బప్పు. ఆయన పెరిగింది హైదరాబాద్‌లో. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి, చదువు నిజాం కాలేజీలో, పీహెచ్‌డీ హార్వర్డ్‌లో. అంటే అదే కేంబ్రిడ్జిలో. నిజామియా గుమ్మటం కింద చుక్కలు చూడటం నేర్చిన కుర్రవాడి చేతికి, ఉపగ్రహాల వేటలో భారతదేశపు భాగం వచ్చిందన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలకు ఎక్కాల్సింది.

ఇలా పోగైన గీతల నుంచి ఎవరూ అడగని జవాబులు బయటపడ్డాయి. 1958 మార్చిలో ఎగిరిన వాన్‌గార్డ్-1 పంపరపనసకాయంత గోళం. దాని దారి లెక్కకు కొద్దిగా తప్పుతోంది. ఆ తప్పు వెంట పడితే 1959లో తేలింది, భూమి ఉత్తర దక్షిణాల్లో ఒకేలా లేదని, ఒక కొసన రవ్వంత ఉబ్బి ఉందని. కేంబ్రిడ్జిలోనే లుయిజీ యాకియా మరొకటి పట్టుకున్నాడు. సూర్యుడు ఉధృతంగా ఉన్న రోజుల్లో ఉపగ్రహాలు త్వరగా కిందికి జారుతున్నాయి. పైగాలి వేడెక్కి, ఉబ్బి, వాటిని అడ్డగిస్తోంది. అంత ఎత్తున గాలి ఎంత పలచనో, ఎప్పుడు చిక్కబడుతుందో మొదట చెప్పినవి ఈ చుక్కల నడకలే. లాడ్‌బోరి మీద రాలిన రాకెట్‌ను కిందికి లాగిందీ ఆ గాలే.

కదలని ఉపగ్రహాల కథ వేరు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ చూపించారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలున్నాయి, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్ వైపు పల్లెలూ ఉన్నాయి. తంతివలతో అల్లిన డిష్షును ఒకసారి పడమటి వైపు తిప్పి బిగిస్తే ఇక కదపనక్కర్లేదు. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఆ ఉపగ్రహం భూమితోపాటే తిరుగుతూ ఒకే చోట నిలబడేది. అంత దూరాన ఉన్నది కంటికి ఆనదు. జనం టీవీ చూశారు, దాన్ని పంపినదాన్ని ఎవరూ చూడలేదు.

మూన్‌వాచ్ కూడా 1975లోనే ముగిసింది. అలవాటు మాత్రం పోలేదు. 2019 మే 24 రాత్రి నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉపగ్రహాలను సరదాగా వెతికే మార్కో లాంగ్‌బ్రోక్ ముందుగా తనే దారి లెక్కవేసుకుని కెమెరాతో కాచుకున్నాడు. అంతకు ఒక రోజు లోపే వదిలిన 60 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు రైలుపెట్టెల్లా వచ్చి అందులో పడ్డాయి. ఇప్పుడవి వేలల్లో ఉన్నాయి. టెలిస్కోపు ఫొటోలకు అడ్డంగా గీతలు పడుతున్నాయన్న ఖగోళ శాస్త్రవేత్తల గోడు న్యాయమైనదే.

కోంటాలోనో బీజాపూర్‌లోనో చదువుకునే పిల్లలకు చుక్క దారి గుర్తించే ఈ పని ఇప్పుడు అప్పటికన్నా సులువు. సెకన్లు చూపే గడియారం ఫోన్‌లోనే ఉంది. గుర్తులకు మనకు గొల్లకావడి, పిల్లలకోడి ఉన్నాయి. గోండులకు సప్తర్షుల్లో నాలుగు చుక్కల మంచం, దాని వెనక ముగ్గురు దొంగలు ఉన్నారు. నడిచే చుక్క ఏ రెండు నక్షత్రాల మధ్య నుంచి ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు దాటిందో రాసుకోవాలి. కాసేపాగి ఇంకొక చోట మళ్లీ రాసుకోవాలి. దారి గుండ్రమనుకుంటే, ఆ రెండు గుర్తులతోనే దాని ఎత్తు, వాలు, చుట్టుకు పట్టే కాలం ఉజ్జాయింపుగా కట్టేయవచ్చు.