గోల్కొండ కాదండీ, మన గొలుగొండ

ఈ వారం ఎరువుల గొడవ, తాండవ నీళ్ళ గొడవ పక్కన పెట్టి ఒక పాత కాగితం సంగతి చెప్తాను. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. చివర్లో మీతో పని కూడా ఉంది.

మా ఊరి కుర్రాడొకడు దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి ఆఫీసులో ఒకావిడ ఉన్నారు. తెలుగు వాళ్ళే, కానీ తెలుగు రాదు. ఆవిడ తాతగారి తండ్రి 1890ల్లో మన దేశం నుంచి అక్కడి చెరకు తోటల్లో కూలికి వెళ్ళాడు. ఆయన పేరున్న ఓడ జాబితా నకలు ఆవిడ దగ్గర ఉంది గాని, పుట్టిన ఊరి పేరు ఎవరికీ అంతుపట్టలేదు. కుర్రాడు దాన్ని ఫొటో తీసి నాకు పంపి "బాబాయ్, ఇదే ఊరో చూడు" అన్నాడు.

ముందు ఆ ఓడల సంగతి రెండు ముక్కలు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా 1,52,000 మందికి పైగా అలా వెళ్ళారు. అందులో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళే. ఐదేళ్ళ అగ్రిమెంటు. ఆ మాటే నోళ్ళలో నలిగి గిర్మిట్ అయింది. అనకాపల్లి బెల్లం చేసే చేతులు అక్కడికి పోయి తెల్లవాడికి పంచదార చేశాయన్నమాట. ప్రతి మనిషికీ ఒక నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చ, జిల్లా, తాలూకా, ఊరు రాసేవారు. ఇంటిపేరుకి మాత్రం గడి లేదు. మనవాళ్ళని పట్టుకోవాలంటే ఇంటిపేరే ముఖ్యం కదా, అదే లేకుండా పోయింది.

ఈ కాగితంలో జిల్లా వైజాగపటం అని శుభ్రంగా ఉంది. తాలూకా దగ్గర గోల్కొండలా కనబడుతోంది. ఊరి పేరు మొదట సిరా మరక, చివర "పోలియం".

ఆవిడ పాపం ఆరేళ్ళ కిందట ఇండియా వచ్చి హైదరాబాదు గోల్కొండ కోటకి వెళ్ళారట. మా వాళ్ళ నేల ఇదే అని అక్కడ మట్టి కాస్త మూట కట్టుకుని, ఏడ్చి వెళ్ళారట. తర్వాత ఎవరో పోలియం అంటే పాళయం, అది అరవ పేరు అన్నారు. దాంతో కోయంబత్తూరు వైపు వెతకడం మొదలెట్టారు. నర్సీపట్నం వైపు వాళ్ళకి ఈపాటికి నవ్వు వచ్చుంటుంది. నాకు రాలేదు.

హైదరాబాదు గోల్కొండ ఆ రోజుల్లో నిజాం కింద ఉండేది. వైజాగపటం జిల్లాలోకి ఎలా వస్తుంది? మనం పొలం కాగితం చూసేటప్పుడు ముందు జిల్లా, తర్వాత మండలం, తర్వాత ఊరు, ఆఖర్న సర్వే నంబరు చూస్తాం. ఇదీ అంతే. పై గడి చూడకుండా కింద గడి చదివితే పక్కోడి పొలంలో దుక్కి దున్నినట్టే. వైజాగపటం జిల్లాలో గొలుగొండ తాలూకా ఉండేది. తాలూకా కచేరీ నర్సీపట్నంలో. ఇంగ్లీషులో దానికీ గోల్కొండకీ ఒక్క అక్షరమే తేడా, జీ బదులు సీ. కాగితంలో ఆ అక్షరమే అరిగిపోయింది. ఇప్పుడు గొలుగొండ ఒక మండలం. 2022 నుంచి జిల్లా పేరు కూడా అనకాపల్లి అయింది. డర్బన్‌లో కూర్చుని వెతికే మనిషికి ఇదంతా ఎలా తెలుస్తుంది?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. సర్వసిద్ధి తాలూకా అంటే యలమంచిలి. వీరవిల్లి తాలూకా అంటే చోడవరం. చికాకోల్ అంటే శ్రీకాకుళం, అది అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. 1936లో గంజాం ఒరిస్సాకి పోయింది కాబట్టి, గంజాం అని రాసుంటే మేం ఒరియా వాళ్ళమేమో అనుకునే తెలుగు కుటుంబాలు ఉంటాయి. చిత్తూరు వైపు వాళ్ళకి 1911 దాకా ఉత్తర ఆర్కాటు అని పడేది. ఒంగోలు వాళ్ళకి 1904 ముందైతే నెల్లూరు.

ఇక ఊరి పేరు. మనవాడు మన యాసలో చెప్తాడు, మద్రాసు డిపోలో గుమస్తా అరవ చెవితో వింటాడు, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాడు. మూడు చేతులు మారిన విత్తనం లాంటిది అది. అందుకని కంటితో చదివితే లాభం లేదు, పైకి అనాలి. నేను మా అమ్మ దగ్గర కూర్చుని, మరక కింద కనబడ్డ రెండు అక్షరాలూ కలిపి నాలుగైదు రకాలుగా పలికాను. ఆమె కళ్ళు మూసుకుని విని "పోలియం ఏటిరా, పాలెం" అని, రెండు పాలేల పేర్లు చెప్పింది. నా ఇంటర్ చదువు ఆ నిమిషంలో ఎందుకూ పనికిరాలేదు.

రెంటిలో ఏది? ఇక్కడే ఆగిపోయాను. కొంతమంది "జనాభా లెక్కల్లో చూడు" అన్నారు. అప్పటి లెక్కల్లో ఇంటింటి పేర్లు దాచలేదండీ, మొత్తాలే మిగిలాయి. పుట్టిన చోటు కూడా జిల్లా వరకే లెక్కకట్టారు. 1951 నుంచి వచ్చిన జిల్లా సెన్సస్ పుస్తకాల్లో మాత్రం ఊళ్ళ జాబితా ఉంటుంది, ఊరి పేరు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. కానీ నా రెండు పాలేల్లో ఒకటి శివారు గ్రామం. అది రెవెన్యూ గ్రామం కాదు కాబట్టి జాబితాలో కనబడదు. బేచిరాక్ గ్రామాలది దీనికి తిరగేసిన కథ, కాగితంలో ఊరుంటుంది, వెళ్తే మనుషులుండరు.

కులం గడిలో గవర అని ఉంది. వాళ్ళు ముఖ్యంగా మన అనకాపల్లి, విశాఖ వైపు వాళ్ళే కాబట్టి తాలూకా సరిగ్గానే చదివానని ధైర్యం వచ్చింది. తర్వాత ఈయన కింద నంబరు మనిషిని చూశాను. ఒక ఊరి వాళ్ళు, పక్క ఊళ్ళ వాళ్ళు కలిసి వెళ్ళేవారు కదా, నంబర్లు కూడా పక్కపక్కనే పడతాయి. ఆ మనిషిదీ ఇదే తాలూకా, ఊరు శుభ్రంగా ఉంది. అది శివారు పాలేనికి రెండు కోసుల దూరం. రెండో పాలేనికి చాలా దూరం. నా మనసు శివారు పాలెం వైపే మొగ్గుతోంది గాని, ఇది సాక్ష్యం కాదు, అనుమానమే.

ఆవిడ సంక్రాంతికి వస్తున్నారు. కుర్రాడేమో "ఏదో ఒక ఊరు చెప్పేయ్ బాబాయ్, ఆవిడ సంతోషిస్తుంది" అంటున్నాడు. రెండో పాలెం పెద్దలైతే విని, మా ఊరే అని దండలు కూడా మాట్లాడేసుకున్నారు. నేను ఒప్పుకోలేదు. మన అడంగల్‌లో ఒక అక్షరం తప్పు పడితే ఎన్నేళ్ళు తిరుగుతామో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆవిడ ఇప్పటికే ఒకసారి తమది కాని మట్టి మూట కట్టుకుని వెళ్ళారు.

అందుకే మీ సాయం. గొలుగొండ, నర్సీపట్నం, నాతవరం, మాకవరపాలెం చుట్టుపక్కల గవర కుటుంబాల్లో పెద్దవాళ్ళు ఉంటే ఒక మాట అడగండి. ఓడెక్కి వెళ్ళి తిరిగి రాని మనిషి గురించి మీ ఇంట్లో ఎవరైనా చెప్పుకునేవారా? ఆయన ఎడమ కాలి మీద మచ్చ ఉందని కాగితంలో ఉంది, నాగలి కర్రు తగిలిందేమో. ఆయన పేరు, తండ్రి పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపు పొద్దున్నకి పది మంది తాతలు పుడతారు. మీ ఇంట్లో చెప్పుకునే పేర్లు ముందు మీరే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, కాగితంతో కలుస్తాయో లేదో చూస్తాను. సంక్రాంతికి ఇంకా నెలన్నర ఉంది.