కరోనా కాలంలో సర్కారు బడికి దక్కిందెంత? జంషెడ్‌పూర్ నుంచి ఒక లెక్క

2020 మార్చిలో మూతపడిన ప్రాథమిక తరగతులు ఝార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో మళ్లీ తెరుచుకున్నది 2022 మార్చిలో. అదే ఏడాది ఫిబ్రవరిలో రాష్ట్రంలోని 17 జిల్లాల్లో అన్ని తరగతులూ మొదలయ్యాయి. కేసులు ఎక్కువగా ఉన్న ఏడు జిల్లాల్లో మాత్రం తొమ్మిదో తరగతి, ఆపైవారికే అనుమతి దొరికింది. జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ ఆ ఏడింటిలో ఒకటి.

నగరంలోని టెల్కో కాలనీ టాటా మోటార్స్ ఉద్యోగుల కోసం వెలిసింది. ఉత్తరాంధ్ర నుంచి తాతల కాలంలో వలస వచ్చిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో చాలానే ఉన్నాయి. కాలనీలో పేరున్న బడులన్నీ ఫీజు కట్టే ప్రైవేటువే. లాక్‌డౌన్ రాగానే అవి ఆన్‌లైన్ పాఠాలకు మళ్లాయి. చుట్టుపక్కల బిర్సానగర్, గోవింద్‌పూర్ లాంటి బస్తీల్లో సర్కారు బడినే నమ్ముకున్న పిల్లలకు ఆ వీలు లేదు. రాష్ట్రం వాట్సాప్‌లో పాఠాలు పంపింది కానీ, చూడాలంటే ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉండాలి. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద కుటుంబాల్లో జరిగిన 'స్కూల్' సర్వేలో, పల్లె పిల్లల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు 8 శాతమే. 37 శాతం అసలు చదవడమే లేదు.

మరి ఈ బడుల కోసం అత్యవసర నిధి ఏదైనా వచ్చిందా?

ఆరోగ్యానికి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో కేంద్రం కోవిడ్ అత్యవసర ప్యాకేజీ కింద 15,000 కోట్ల రూపాయలు ప్రకటించింది. 2021 జులైలో రెండో విడతగా రాష్ట్రాల వాటాతో కలిపి 23,123 కోట్ల ప్యాకేజీని ఆమోదించింది. బడులకు అలాంటి ప్యాకేజీ లేదు సరికదా, ఉన్నదీ తగ్గింది. సర్కారు బడులకు కేంద్రం నుంచి డబ్బు వచ్చే ప్రధాన దారి సమగ్ర శిక్ష. ఇందులో కేంద్రం 60 శాతం, ఝార్ఖండ్ లాంటి రాష్ట్రాలు 40 శాతం భరిస్తాయి. 2020-21 బడ్జెట్‌లో దీనికి దాదాపు 38,750 కోట్లు కేటాయించి, సవరించిన అంచనాల్లో 27,957 కోట్లకు కుదించారు. మరుసటి ఏడాది కేటాయింపు 31,050 కోట్లు. బడి మూసి ఉంటే ఖర్చేముంటుంది అన్న వాదన వినిపిస్తుంది. కానీ ఖర్చు అప్పుడే పెరగాలి: పిల్లల ఇళ్లకు వర్క్‌షీట్లు చేర్చాలి, చిన్న బృందాలుగా బస్తీల్లోనే చదువు చెప్పించాలి, తెరిచేనాటికి మరుగుదొడ్లు, నీళ్లు సిద్ధం చేయాలి. 2020 మేలో ప్రకటించిన పీఎం ఈ-విద్య టీవీ ఛానళ్లను, డిజిటల్ పాఠాలను ఇచ్చింది. బడి ఖాతాలో పైసా వేయలేదు.

పెరిగింది ఒక్క మధ్యాహ్న భోజనం పద్దే. 2020-21లో అది 11,000 కోట్ల నుంచి 12,900 కోట్లకు చేరింది. వండి పెట్టడం కుదరక రాష్ట్రాలు బియ్యం, వంట ఖర్చు డబ్బును ఇళ్లకు చేర్చాయి. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 4 రూపాయల 97 పైసలు. 2021 మేలో కేంద్రం 11.8 కోట్ల మంది పిల్లలకు సుమారు 1,200 కోట్లు నేరుగా ఇస్తామంది. తలా వంద రూపాయలు! ఆకలి వేళ అదీ అవసరమే, కాదనలేం. కానీ అది తిండి డబ్బు, చదువు డబ్బు కాదు.

తెలుగు రాష్ట్రాల్లో తీరు కొంత వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన 'నాడు-నేడు' పనులు కరోనాలోనూ సాగాయి. తొలి విడతలో 15,715 బడులను బాగుచేశారు. అయితే అది ముందే అనుకున్న పథకం, కరోనా సాయం కాదు. తెలంగాణ 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు బడుల టీచర్లు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది.

అమెరికా కేంద్ర ప్రభుత్వం మూడు విడతల్లో 1,320 కోట్లు, 5,430 కోట్లు, 12,200 కోట్ల డాలర్లను బడుల కోసమే విడుదల చేసింది. పేద పిల్లలు ఎక్కువగా ఉన్నచోటికి ఎక్కువ వాటా వెళ్లేలా సూత్రం పెట్టింది. మూడో విడతలో స్కూల్ డిస్ట్రిక్టులు తమ వాటాలో 20 శాతాన్ని పిల్లలు కోల్పోయిన చదువు మీదే ఖర్చు చేయాలంది. అంత డబ్బు మనకు లేకపోవచ్చు. ఆ సూత్రానికి మాత్రం డబ్బుతో పనిలేదు.

2022 సెప్టెంబరు, అక్టోబరుల్లో జ్ఞాన్ విజ్ఞాన్ సమితి ఝార్ఖండ్‌లోని 138 సర్కారు బడులను పరిశీలించింది. బడి తెరిచేసరికి పిల్లల్లో ఎక్కువమంది చదవడం, రాయడం మరిచిపోయారని అత్యధిక ఉపాధ్యాయులు చెప్పారు. మధ్యాహ్న భోజనానికి సరిపడా డబ్బు తమ బడిలో లేదని చెప్పినవారు మూడింట రెండు వంతులు.