ఉరుమూ మెరుపూ: ఒక పాతబండి చరిత్ర



ఛందస్సు, వ్యాకరణం అంటూ కాలక్షేపం చేసే పంతులు కార్ల జోలికెందుకు పోయాడని మీరు ఆశ్చర్యపడవచ్చు. నన్ను ఈ చరిత్రలోకి లాగినవి మాటలు. జపాను దేశపు టయోటా సంస్థ 1972 నుండి తన కొరోలా, స్ప్రింటర్ అనే జంట కార్లలో వేగవంతమైన రకాలకు లెవిన్ అనీ, ట్రుయెనో అనీ పేర్లు పెట్టింది. లెవిన్ అంటే మధ్యయుగపు ఆంగ్లంలో మెరుపు. ట్రుయెనో అంటే స్పానిష్ భాషలో ఉరుము. కొరోలా అన్నది లాటిను పదం, చిన్న కిరీటమనీ పూదండ అనీ అర్థం. వృక్షశాస్త్ర పాఠాలలో మనం ఆకర్షణ పత్రావళి అని వల్లె వేసినది దీనినే. పూరేకుల నడుమ ఉరుమునూ మెరుపునూ పుట్టించిన ఆ నామకర్త ఎవరో గాని, రసజ్ఞుడే!

ఈ పేర్లతో వచ్చిన బండ్లలో 1983 మే నెలలో వెలువడిన దానికి సంస్థ లోపలి గుర్తు ఏఈ86. లోకం దానిని జపాను భాషలో ‘హాచి రోకు’ అంటుంది, అనగా ఎనిమిది ఆరు. 1587 సీసీల ఇంజను, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, అప్పటి జపాను కొలత ప్రకారం 130 అశ్వశక్తి. బరువు ఇంచుమించు 940 కిలోలు. ట్రుయెనోకు కనురెప్పల వలె లేచి మూసుకొనే దీపాలు, లెవిన్‌కు మామూలు దీపాలు. తక్కినదంతా ఒకటే. ధనవంతుల కోసం చేసినది కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు వాయిదాల మీద కొనుక్కోగలిగిన బండి.

ఇక్కడొక సంగతి విపులంగా చెప్పుకోవాలి. అదే 1983లో టయోటా తన కొరోలా కుటుంబాన్ని ముందుచక్రాల పద్ధతికి మార్చివేసింది. అంటే ఇంజను శక్తి ముందు చక్రాలకే చేరుతుంది, అవే బండిని లాగుతాయి, మలుపు కూడా అవే తిప్పుతాయి. లోపల చోటు కలిసివస్తుంది, తయారీ ఖర్చు తగ్గుతుంది, వానలో కూడా నమ్మకంగా నడుస్తుంది. మన దేశంలో ఆ సంవత్సరం డిసెంబరులోనే మారుతి 800 ఇదే పద్ధతితో వచ్చింది. అంతకు ముందు మనమెక్కిన అంబాసిడర్లూ ప్రీమియర్ పద్మినులూ వెనుకచక్రాల బండ్లే. వెనుకనున్న బరువైన ఇరుసుకు ఇంజను నుండి పొడవాటి కడ్డీ ద్వారా శక్తి పోయేది. లోకమంతా ఆ పాత పద్ధతిని వదిలించుకొంటున్న కాలమది. మరి ఈ లెవిన్, ట్రుయెనోలు మాత్రం పాత పద్ధతిలోనే మిగిలాయి. కుటుంబంలో అందరూ పట్నం చేరగా, పల్లెలో మిగిలిన ఒక్క కొడుకు వంటి వరస. 1987లో తరువాతి తరం వచ్చేసరికి ఆ కొడుకునూ పట్నం చేర్చేశారు. వెనుకచక్రాల లెవిన్ ఆయుర్దాయం నాలుగేళ్లు.

నాలుగేళ్ల ఈ బండి నలభయ్యేళ్లుగా బ్రతికి ఉండడానికి కారణం దానిని కొన్నవారేనని నా అభిప్రాయం. తయారు చేసినవారు దానిని మరచిపోయారు, కొన్నవారు మరువలేదు.

వారిని అంతగా పట్టి ఉంచిన గుణమేమిటో తెలియాలంటే బురదలో దిగబడ్డ ఎడ్లబండిని తలచుకోండి. ముందు ఎడ్లు లాగుతున్నంతసేపూ బండి వాటి వెంటే పోతుంది. వెనుక నుండి నలుగురు నెట్టారనుకోండి, అందునా మలుపులో నెట్టారనుకోండి, తోక పక్కకు జారుతుంది. వెనుకచక్రాల కారు స్వభావమూ ఇంతే. ముందు చక్రాలది దిక్కు చూపే పని, వెనుకవాటిది నెట్టే పని. మలుపులో కాలు గట్టిగా అదిమితే వెనుక చక్రాలు పట్టు తప్పుతాయి, బండి అడ్డం తిరగబోతుంది. అప్పుడు స్టీరింగును మలుపుకు ఎదురు దిశగా తిప్పి, కాలితో శక్తిని తూచినట్లు ఇస్తూ ఉంటే, బండి ఏటవాలుగా జారుతూనే మలుపు దాటుతుంది. దీనికే డ్రిఫ్టు అని పేరు. బండి తేలికగా ఉండాలి, శక్తి మితంగా ఉండాలి, చేతికి కబురు వెంటనే అందాలి. హాచి రోకులో ఈ మూడూ కుదిరాయి. అతిశక్తి లేకపోవడం వల్లనే అది మంచి బడి అయింది. పొరపాటు చేసినవాడికి దిద్దుకొనే వ్యవధి ఇచ్చేది.

ఈ విద్యకు గురువు కునిమిత్సు తకహాషి. 1961లో పశ్చిమ జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో 250 సీసీ హోండా మోటారుసైకిలు మీద గెలిచి, ప్రపంచస్థాయి గ్రాండ్ ప్రి నెగ్గిన తొలి జపానీయుడైనవాడు. తరువాత నాలుగు చక్రాలకు మారి, 1970లలో మలుపులలోకి తోక జారుస్తూ దూసుకుపోయే పద్ధతితో ప్రేక్షకులను విస్మయపరిచాడు. ఆ ప్రేక్షకులలో ఏకలవ్యుడొకడు ఉన్నాడు, పేరు కెయిచి త్సుచియా, 1956లో నగానోలో పుట్టినవాడు. కొండదారులలో సాధన చేసి, 1984లో ఫ్యుజి స్పీడ్‌వే ఫ్రెష్‌మన్ పోటీలలో ఏఈ86 నడిపాడు. 1987లో ‘ప్లస్పీ’ అనే వీడియోలో అతడు కొండదారిలో ఈ బండిని నడపడం చూసి దేశంలోని కుర్రకారంతా ఉర్రూతలూగింది.

మన ఏకలవ్యుడి కథ ఎలా ముగిసిందో మీకు తెలుసు. ఈ కథ వేరు. 1995లో ఫ్రాన్సు దేశపు ల మాన్ 24 గంటల పందెంలో యాభై అయిదేళ్ల తకహాషి, ముప్పై తొమ్మిదేళ్ల త్సుచియా, అకిరా ఈదా అనే మరో చోదకుడూ ఒకే హోండా ఎన్ఎస్ఎక్స్‌ను వంతులవారీగా నడిపారు. జీటీ2 తరగతిలో మొదటి స్థానం, మొత్తం మీద ఎనిమిదవ స్థానం. అదీ వెనుకచక్రాల బండే. గురువు శిష్యుని బొటనవ్రేలు అడగలేదు, స్టీరింగు చేతికిచ్చాడు. తకహాషి 2022లో కన్నుమూశాడు.

యూరపులో ఈ బండి చరిత్ర మరొక దారిలో నడిచింది, దానిని క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. బ్రిటనులో క్రిస్ హాజెట్స్ అనే చోదకుడు 1986, 1987 సంవత్సరాలలో వరుసగా దేశపు సెలూను కార్ల బిరుదును ఈ కొరోలాతో గెలిచాడు. తరగతులవారీగా పాయింట్లు ఇచ్చే పద్ధతి అక్కడ ఉండేది కనుక, చిన్న ఇంజన్ల తరగతిలో నెగ్గుతూనే పెద్ద ఇంజన్లవారిని దాటిపోయాడు.

తిరిగి జపాను కొండదారులకు వద్దాం. త్సుచియాను చూసి వేలమంది యువకులు రాత్రివేళ ఘాట్ రోడ్ల మీద ఈ విన్యాసాలకు దిగారు. ఆ శృంగారాన్ని వర్ణించేవారు చాలామంది ఉన్నారు గాని, నాకది మింగుడుపడదు. మలుపు అవతల నుండి కూరగాయలు వేసుకొని వచ్చే లారీవాడు ఈ ఆటలో చేరతానని చెప్పలేదు కదా! పోలీసులు వెంటబడ్డారు, అనేక ఘాట్లలో వేగం తగ్గించే గట్లు వేశారు, ఈ ఆట ఆడేవారు నేరస్థులన్న పేరు స్థిరపడింది. విద్య బ్రతకాలంటే చోటు మారాలి. ఆ చోటు ట్రాకు.

ఇబరాకి ప్రాంతంలోని త్సుకుబా సర్క్యూట్ 1970లో తెరిచారు. చుట్టు పొడవు 2,045 మీటర్లు మాత్రమే, కనుక పెద్ద ఇంజను కంటె మలుపులలో నేర్పే ఎక్కువ పలుకుతుంది. ఫుకుషిమా ప్రాంతపు నిహొన్‌మత్సు కొండల్లో ఎబిసు సర్క్యూట్ ఉంది. 2000లో అక్కడ డ్రిఫ్టుకే ప్రత్యేకించి ఒక పోటీ జరిగింది. త్సుచియా, దైజిరో ఇనాదా అనే పత్రికారంగ ప్రముఖుడు దాని వెనుక ఉన్నారు. మరుసటి ఏటి నుండి అదే డీ1 గ్రాండ్ ప్రి అయింది. ఇందులో ఎంత వేగంగా గమ్యం చేరావన్నది ఒక్కటే లెక్క కాదు. ఏ కోణంలో జారావు, ఏ గీత పట్టుకొన్నావు, ఎంత వేగంతో ప్రవేశించావు అన్నవి న్యాయనిర్ణేతలు చూస్తారు. గురులఘువులు సరిపోయినంత మాత్రాన పద్యం బాగుందనం కదా, అటువంటి తూకం ఇది. 2002లో ఆ బిరుదును కట్సుహిరో ఉయెవో గెలిచాడు, తయారీ ఆగిపోయి పదిహేనేళ్లయిన ఏఈ86తో! ఎదుట నిలిచినవి అంతకంటె ఎంతో శక్తి గల టర్బో బండ్లు.

ఇటువంటి బండిని ట్రాకు మీదికి తేవడమంటే దానిని దాదాపు తిరగవ్రాయడమే. వెనుక సీట్లూ తివాచీలూ తీసివేస్తారు. బోల్తా పడితే తల కాపాడే ఉక్కు గొట్టాల పంజరం బిగిస్తారు. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు గట్టివి వేస్తారు. పలుచని ఇనుప కాయానికి అదనపు వెల్డింగు చుక్కలు పెట్టి బిగువు తెస్తారు. మలుపులో లోపలి వైపు చక్రం బరువు కోల్పోయి ఊరికే తిరిగిపోతూంటే శక్తి వృథా అవుతుంది. రెండు చక్రాలనూ కట్టి ఉంచే ప్రత్యేకపు డిఫరెన్షియల్ వేస్తే గాని తోక అదుపులో జారదు.

చివరకు ఇంజను. ఈ మాట దగ్గర నాకు చాలాసేపు నవ్వు ఆగలేదు. 1990లలో టయోటా ఇదే ఇంజను వంశంలో సిలిండరుకు అయిదు వాల్వుల చొప్పున ఇరవై వాల్వుల రకాలను తీసుకువచ్చింది, 160, తరువాత 165 అశ్వశక్తితో. అవి తయారైనది ముందుచక్రాల లెవిన్ కోసం. అనగా మన బండి స్థానాన్ని ఆక్రమించిన తమ్ముడి కోసం! హాచి రోకు యజమానులు ఆ తమ్ముడి గుండె తీసి అన్నకు పెట్టారు. అంత సులభమూ కాదు. తమ్ముడిలో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది, అన్నలో నిలువుగా. అలా తిప్పి పెడితే డిస్ట్రిబ్యూటరు వెనుకనున్న ఇనుపగోడకు తగులుతుంది. దానిని మార్చుకోవాలి, చల్లనీటి గొట్టాలకు కొత్త దారి వేసుకోవాలి. ఇవన్నీ చిన్న చిన్న షెడ్లలో మెకానిక్కులూ యజమానులూ కలిసి కనుగొన్న ఉపాయాలు. ప్రభుత్వ నియమాలు కూడా 1995లో కొంత సడలాయి. అంతవరకు పదేళ్లు దాటిన సొంతకార్లకు ఏటేటా తనిఖీ ఉండేది, ఆ సంవత్సరం నుండి అది రెండేళ్లకొకసారి అయింది. 1983 నాటి బండ్లకు పన్నెండేళ్లు నిండిన సమయమది. పాతబండిని తుక్కుకు పంపకుండా అట్టిపెట్టుకోవడానికి ఇదొక ఊతం.

ఆ 1995లోనే షుయిచి షిగెనో అనే చిత్రకథకుడు ‘ఇనీషియల్ డి’ ధారావాహికను మొదలుపెట్టాడు. 2013 వరకు, 48 సంపుటాలు. టోఫు అమ్ముకొనే వాడి కొడుకు తెల్లవారుజామున తండ్రి ట్రుయెనోలో సరుకు చేరవేస్తూ తనకు తెలియకుండానే మహాచోదకుడైన కథ. గున్మా ప్రాంతపు హరునా కొండ అందులో అకినా అయింది. అందులోని ఒక హాస్యం నాకు నచ్చింది. నాయకుడి మిత్రుడు ఆశపడి, చూపులకు అచ్చం అలాగే ఉండే ఏఈ85ను కొని తెచ్చుకొంటాడు. అందులో ఉన్నది చిన్న ఇంజను. ఒక్క అంకె తేడాతో అర్థమంతా మారిపోయింది. తాటాకు ప్రతులు చూసినవారికి ఒక్క అక్షరం చేసే చేటు తెలియనిది కాదు.

తాటాకు ప్రతుల మాట వచ్చింది కనుక అసలు చిక్కు చెబుతాను. చిత్రకథ మూలంగా బండి ధరలు పెరిగాయి. ఒకప్పుడు కుర్రవాడు జీతంతో కొన్న బండి ఇవాళ కొత్తదాని నాటి ధరకు అనేక రెట్లు పలుకుతోంది. యజమానుల చేతిలో మార్పుచేర్పులు పొందిన బండ్లు పాఠాంతరాల వంటివి. మార్పు సోకని మూలప్రతులు అరుదు, అందుచేత వాటికే ఎక్కువ వెల. అలాంటిదాన్ని కొన్నవాడు ట్రాకుకు తీసుకుపోవడానికి జంకుతాడు. తీసుకుపోతే ప్రతి చుట్టుకూ లోహం అలసిపోతుంది, అతుకుల దగ్గర పగుళ్లు వస్తాయి, గోడకు తగిలితే అంతే. తీసుకుపోకపోతే అది ఏ గుణం వలన పేరు పొందిందో ఆ గుణం ఎవరికీ కనబడదు. వాయించని వీణను అద్దాల పెట్టెలో చూడడం నాకు ఇష్టం ఉండదు. కాని ఆ వీణలు లోకంలో కొన్నే మిగిలితే, పగిలిపోయేదాకా వాయించమని చెప్పడానికీ నోరు రాదు. ఇద్దరి పక్షానా న్యాయముంది. మిత్రులలో ఎవరైనా పాత వస్తువులు సేకరించేవారుంటే వ్యాఖ్యలలో తమ అభిప్రాయం చెప్పగలరు.

మరచిపోయిన సంస్థకు జ్ఞాపకం వచ్చింది కూడా. 2012లో సుబారుతో కలిసి, తెత్సుయా తాదా ఆధ్వర్యంలో, వెనుకచక్రాల కొత్త బండిని చేసి దానికి ‘86’ అనే పేరు పెట్టింది. లోపలి గుర్తుగా పుట్టిన అంకె యజమానుల నోట నాని నాని బిరుదనామమైంది. 2021లో పాత ఏఈ86కు స్టీరింగు నకిలు ఆర్మ్, వెనుక బ్రేకు క్యాలిపర్ వంటి భాగాలను మళ్లీ తయారు చేస్తామని ప్రకటించింది. 2023 జనవరి టోక్యో ఆటో సలూనులో రెండు పాత బండ్లను మార్చి ప్రదర్శనకు పెట్టింది. ట్రుయెనోను హైడ్రోజను మండించి నడిచేటట్లు చేశారు. లెవిన్‌ను విద్యుత్తుతో నడిచేటట్లు చేశారు. మెరుపు పేరున్నదానికి విద్యుత్తు! నామకరణం చేసిన రసజ్ఞుడు అప్పటికి ఎక్కడున్నాడో తెలియదు గాని, ఆ విద్యుత్తు లెవిన్‌లో క్లచ్చినీ చేతిగేరునూ మాత్రం తీసివేయకుండా అలాగే ఉంచారు.