పంటు వెళ్ళిపోయే వేళ

ఐదు కాకముందే ఇంట్లో లైట్లన్నీ వేసేస్తాను. హాల్లో ట్యూబులైటు, వరండాలో బల్బు, స్నానాలగదిలోది కూడా. మసక వెలుతుర్లో గోడ మీద పడే నీడలు అమ్మకి మనుషులైపోతాయి. బీరువా అద్దానికి పాత చీర కట్టి మూడు నెలలైంది. అందులోంచి ఎవరో ముసలావిడ గుచ్చిగుచ్చి చూస్తోందని ఒకరోజంతా అమ్మ అన్నం ముట్టలేదు.

కింద వీధిలో పాలబండి హారన్ మోగింది. అమ్మ మంచం దిగుతోంది. చెప్పుల కోసం కాళ్ళతో నేల తడుముతోంది. మొదలైంది.

"ఏవండీ, టైమెంతయిందండి?"

ఆ 'అండీ' వినగానే కడుపులో ఏదో కలుక్కుమంటుంది. మా గోదావరి వైపు చిన్నా పెద్దా అందరినీ అండీ అంటారు గానీ, కన్నకూతుర్ని ఎవరంటారు? నేనెవరో గుర్తున్న పూట అమ్మ "ఒసేయ్, ఎక్కడ చచ్చావే" అని కేకేస్తుంది. గుర్తులేని పూట మర్యాద చేస్తుంది. ఆ కేక కోసం మొహం వాచిపోయి ఉన్నాను.

"ఐదవుతోందండి."

"అయ్యో, చీకటి పడితే పంటు ఉండదండి. మా అమ్మ రేవులో నిలబడుంటుంది."

కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే గోదావరి దాటి ముక్తేశ్వరం వైపు దిగుతాం. అమ్మ పుట్టిల్లు అటే. మేమున్నది కాకినాడలో, మూడో అంతస్తులో. అమ్మ తలుపు దాకా నడిచి గడియ లాగుతోంది. పైన, తన చెయ్యి అందని చోట ఇంకో గడియ పెట్టించాను. ఆ సంగతి తనకి తెలీదు. లాగిందే లాగుతోంది. తలుపు చెక్క మీద గోళ్ళ చప్పుడు.

పోయినేడు ఇలాగే లాగుతుంటే ఓపిక నశించి అరిచేశాను. "అమ్మమ్మ పోయి ముప్పై ఏళ్ళయిందమ్మా! ఏ అమ్మ, ఏ రేవు?" నిజం చెప్పడమే మంచిదనుకున్నాను. అమ్మ అలాగే గోడకి జారి కూలబడింది. అప్పుడే కబురు అందినట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది. అరగంటకి ఎందుకు ఏడుస్తోందో మర్చిపోయింది, ఏడుపు మాత్రం ఆగలేదు. తల్లి చావు వార్తని ఆమెకి మళ్ళీ మోసుకొచ్చింది నేనే. ఆ పాపం ఇంకోసారి చెయ్యను.

అందుకే ఇప్పుడు పక్కకెళ్ళి నిలబడి, "పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉందిటండి. వచ్చేదాకా కూర్చుందాం" అంటాను.

"ఉందిటాండి?"

"ఆయ్, ఉందండి."

చెయ్యి గడియ మీంచి కిందికి దిగుతుంది.

ఈ జబ్బు ముందుగా సంతకంలో కనిపించింది. బ్యాంకులో పింఛను కాగితం మీద పేరు రాస్తూ సగంలో ఆగి, మిగతాది ఏమిటే అన్నట్టు నా మొహంలోకి చూసింది. తర్వాతెప్పుడో చదివాను: 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ అల్జైమర్ చూసిన అగస్టె డీటర్‌కీ 51 ఏళ్ళకే ఇలాగే జరిగింది. పేరు రాయమంటే 'శ్రీమతి' అని రాసి మిగతాది మర్చిపోయింది. ఆయన అడిగి రాయించిన ఆ కాగితం ఇప్పటికీ ఉంది. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 88 లక్షలమందికి డిమెన్షియా ఉండొచ్చని 2023లో అంచనా వేశారు. పొద్దు వాలేసరికి ఎన్ని ఇళ్ళలో ఇలా తలుపు దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉంటారో.

చాప వేసి పత్తి పళ్ళెం ముందు పెడతాను. పక్కన చిటికెడు విభూతి. అమ్మ పళ్ళేన్ని కాసేపు చూస్తుంది. ఆ తర్వాత చేతులు వాటంతటవే కదులుతాయి. చిన్న పింజ తీసి, రెండు బొటనవేళ్ళతో పలచగా లాగుతుంది. అంచులన్నీ పైకి కూడదీసి, వేలు విభూతిలో అద్ది, కొసని ఒక్క మెలి తిప్పుతుంది. అడుగు గుండ్రంగా, కొస సూదిలా, పళ్ళెంలో ఒరిగిపోకుండా కూర్చునే పువ్వొత్తి. పొద్దున జాకెట్టు హుక్కు దగ్గర తడబడి ఆగిపోయిన వేళ్ళేనా ఇవి!

నిన్నటి సంగతుల్ని దాచిపెట్టే చోటు మెదడులో ముందుగా దెబ్బతింటుందనీ, చేతులు నేర్చిన పనులు వేరే చోట ఉండి చాలాకాలం నిలుస్తాయనీ నరాల డాక్టరు చెప్పారు. కార్తిక పౌర్ణమికి 365 వత్తులు అమ్మ ఏటా తనే చేసేది, ఇంకొకరు చేసినవి నచ్చేవి కావు. ఇప్పుడు తనకి లెక్క రాదు. నేనే మనసులో లెక్కపెడుతున్నాను. ఇరవై మూడు. ఇరవై నాలుగు. భుజాలు కిందికి దిగాయి. ఊపిరి నెమ్మదించింది. పరదా అవతల చీకటి పడిపోయింది, పంటు మాట మళ్ళీ రాలేదు.

"మీకు అమ్మగారు ఉన్నారాండి?" తలెత్తకుండానే అడిగింది.

"ఉన్నారండి."

"దగ్గరేనా?"

"నా దగ్గరేనండి."

"అదృష్టవంతులండి మీరు." పళ్ళెంలోంచి బాగా కుదిరినవి చూసి చూసి ఏరి నా వైపు జరిపింది. "ఇవి ఆవిడకివ్వండి. దీపానికి పనికొస్తాయి."

కొంగు పట్టాను. ఒక్కొక్కటీ నలిగిపోకుండా అందులో పెట్టి, అమ్మ ఇంకో పింజ తీసుకుంది.